ఎడ్గార్ ఫైలింగులు వెతికే టూల్ ఎక్కడ తడబడుతుంది, దాన్ని ఎలా సరిచేయాలి

ప్రశ్న: అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ వారి ఎడ్గార్ డేటాబేసు నుంచి కంపెనీల ఫైలింగులు (అవి దాఖలు చేసే నివేదికలు) తెచ్చి వెతుక్కునే చిన్న వెబ్ టూల్ తయారు చేశాను. డాక్టర్ రెడ్డీస్ అని కొడితే ఏమీ రావడం లేదు. యాపిల్ 2023 ఆదాయం అడిగితే మూడు వేర్వేరు అంకెలు చూపిస్తోంది. మూతపడే ప్రమాదంలో ఉన్నవాటి కోసం ‘గోయింగ్ కన్సర్న్’ (కంపెనీ ఇలాగే కొనసాగుతుందన్న అంచనా) అని వెతికితే నిక్షేపంలా ఉన్న కంపెనీలు కూడా వస్తున్నాయి. మధ్యమధ్యలో 403 (అనుమతి లేదనే ఎర్రర్) తగులుతోంది. వెక్టర్ సెర్చ్ (మాటలతో కాక అర్థం దగ్గరతనంతో వెతకడం) పెడితే ఇవన్నీ సర్దుకుంటాయా?

జవాబు: సర్దుకోవు. మీరు చెప్పిన నాలుగింటిలో ఒక్కటి కూడా వెక్టర్ సెర్చ్ లేకపోవడం వల్ల వచ్చింది కాదు. ఫైలింగు ఎవరిది, ఏ ఫారం, ఏ కాలానికి, ఎప్పుడు చేతికొచ్చింది అన్న నాలుగు సంగతులు మీ డేటాబేసులో తేలకుండానే మీ టూల్ వెతుకులాట మొదలుపెడుతోంది. అవి తేలకుండా పైన ఎంత తెలివైన సెర్చ్ పెట్టినా, తప్పు జవాబే ఇంకాస్త నమ్మకంగా ఇస్తుంది.

ముందు 403 సంగతి, ఇది తేలిక. ఎస్ఈసీ సెకనుకు 10 రిక్వెస్టులకు మించి ఒప్పుకోదు. దాటితే ఆ ఐపీని ఆపేస్తుంది. వేగం పరిమితి కిందికి దిగి 10 నిమిషాలు గడిచాకే మళ్లీ తలుపు తీస్తుంది. ఆ 10 నిమిషాల్లో మీ కోడ్ మొండిగా మళ్లీ మళ్లీ తడితే గడువు సాగుతూనే ఉంటుంది. కాబట్టి 403 రాగానే వెంటనే మళ్లీ ప్రయత్నించే లూప్ తీసేసి, క్యూ మొత్తాన్ని 11, 12 నిమిషాలు నిలిపేయండి. మామూలు వేగం సెకనుకు 5, 6 దగ్గర పెట్టుకోండి. నాలుగు వర్కర్లు నడుపుతుంటే పరిమితి ఒక్కో వర్కరుకు కాదు, అందరికీ కలిపి అని గుర్తుంచుకోండి. రెండో కారణం యూజర్ ఏజెంట్ హెడర్. అందులో మీ టూల్ పేరు, అందుబాటులో ఉండే ఈమెయిల్ రాయాలి. పైథాన్ లైబ్రరీ తనంతట తాను పెట్టే పేరుతో వెళ్తే మొదటి రిక్వెస్టుకే 403 రావచ్చు. ఇంకో మాట: ఎస్ఈసీ డేటా ఏపీఐలకు కోర్స్ (వేరే సైటు పేజీల నుంచి పిలవనిచ్చే) సదుపాయం లేదు. బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ నుంచి నేరుగా పిలిస్తే పని జరగదు. మధ్యలో మీ సర్వర్ ఉండాల్సిందే.

అసలు అన్ని రిక్వెస్టులు పంపాల్సిన పనే లేదు. అన్ని కంపెనీల ఫైలింగుల జాబితా ఒక జిప్‌గా, ఎక్స్‌బీఆర్‌ఎల్ (లెక్కల్లోని ప్రతి అంకెకూ ట్యాగు తగిలించే ఫార్మాట్) అంకెలన్నీ ఇంకో జిప్‌గా ఎస్ఈసీ రోజూ రాత్రి అమెరికా తూర్పు సమయం 3 గంటల ప్రాంతంలో తిరిగి కడుతుంది. ఆ రెండూ దించుకుని లోకల్‌గా పెట్టుకోండి. పగలు వచ్చే కొత్తవాటికి మాత్రమే ఏపీఐని అడగండి. పాతవాటి జాబితాకు 1993 నుంచీ త్రైమాసికాల వారీగా ఇండెక్స్ ఫైళ్లున్నాయి. వాటిలో మాస్టర్ ఇండెక్స్ వాడుకోవడం సులువు: సీఐకే నంబరు (దాఖలు చేసే ప్రతివారికీ ఎడ్గార్ ఇచ్చే గుర్తింపు సంఖ్య), కంపెనీ పేరు, ఫారం, తేదీ, ఫైలు దారి, ఈ ఐదింటి మధ్య నిలువు గీతలుంటాయి. ఖాళీలతో కాలమ్‌లు సర్దిన మిగతా ఇండెక్సులను విడగొట్టే శ్రమ అనవసరం.

ఇక పేరు సంగతి. ఎడ్గార్‌లో కంపెనీకి అసలు గుర్తింపు సీఐకే నంబరే. పేరు కాదు, టిక్కర్ (స్టాక్ ఎక్స్ఛేంజిలో షేరుకుండే పొట్టి పేరు) కాదు. డాక్టర్ రెడ్డీస్ పేరు అక్కడ పెద్ద అక్షరాల్లో, చుక్క లేకుండా, అపాస్ట్రఫీ లేకుండా నమోదై ఉంది. మీ యూజర్ ఫోన్‌లో కొట్టే అపాస్ట్రఫీ వంకర తిరిగిన యూనికోడ్ గుర్తు. రెండూ ఎన్నటికీ కలవవు. కాబట్టి యూజర్ కొట్టిన పేరునూ, డేటాబేసులోని పేరునూ ఒకే మరలో వేసి తీయండి: పెద్ద అక్షరాలు చేయడం, చుక్కలు, కామాలు, రెండు రకాల అపాస్ట్రఫీలు తీసేయడం, ‘అండ్’ గుర్తును మాటగా మార్చడం, ఇంక్, కార్ప్, లిమిటెడ్, పీఎల్‌సీ లాంటి తోకలు కత్తిరించడం. పేరు చివర గీతల మధ్య ఉండే రాష్ట్రం కోడ్ కూడా పోవాలి. బ్యాంక్ ఆఫ్ అమెరికా పేరు చివర డెలావేర్ గుర్తు ఇలాగే వేలాడుతుంటుంది. తర్వాత పోస్ట్‌గ్రెస్ డేటాబేసులోని ట్రైగ్రామ్ (మూడేసి అక్షరాల) పోలిక చాలు. దాని డిఫాల్ట్ హద్దు 0.3. పొట్టి పేర్లకు అది మరీ వదులు, అడ్డమైనవన్నీ వస్తాయి. నాలుగైదు అక్షరాల పేరయితే మొదటి అక్షరాల పోలికకే ముందు చోటివ్వండి.

మీ వాడుకరులు తెలుగులో కూడా కొడతారనుకుంటే లిప్యంతరీకరణ లైబ్రరీలతో కుస్తీ పట్టకండి. ‘రెడ్డీస్’, ‘ఇన్ఫోసిస్’, ‘విప్రో’, ‘యాపిల్’ అంటూ చేత్తో ఒక మారుపేర్ల పట్టిక రాసుకోండి. రెండు మూడు వందల పేర్లతో చాలావరకు వెళ్లిపోతుంది. మిగిలినవి ఫలితం లేని వెతుకులాటల లాగ్ చూసి చేర్చుకోవచ్చు.

పేర్ల కోసం మీరు టిక్కర్ల జాబితా ఫైలు ఒక్కటే వాడుతున్నట్టుంది. అందులో ఉండేవి ఇప్పుడు ట్రేడవుతున్న కంపెనీలే. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టయి, 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అందులో దొరకదు. కానీ దాని ఫైలింగులు ఎడ్గార్‌లో భద్రంగా ఉన్నాయి. అలాంటి వాటికి సీఐకే లుకప్ అనే పెద్ద టెక్స్ట్ ఫైలు వేరే ఉంది. పాత పేర్లు కూడా అందులో ఉంటాయి. ఫారం 4 (కంపెనీ లోపలివారి షేర్ల లావాదేవీలు) దాఖలు చేసే వ్యక్తుల పేర్లు సైతం అందులోనే కలగలిసి ఉంటాయి కాబట్టి, వార్షిక నివేదిక ఫారాలైన 10-కె గానీ 20-ఎఫ్ గానీ ఒక్కసారైనా వేసిన సీఐకేలను వేరుచేసి కంపెనీల పట్టిక కట్టుకోండి.

పేరు మారినప్పుడు రెండు రకాలుగా జరుగుతుంది. ఫేస్‌బుక్ మెటా అయినప్పుడు సీఐకే మారలేదు, పాత పేరు ఫైలింగుల ఏపీఐ ఇచ్చే జేసన్ ఫైలులోని పూర్వనామాల జాబితాలో చేరింది. గూగుల్ 2015లో ఆల్ఫాబెట్ కింద చేరినప్పుడు కొత్త సీఐకే పుట్టింది: గూగుల్‌ది 1288776, ఆల్ఫాబెట్‌ది 1652044. ఆల్ఫాబెట్ ఒక్కదాన్నే పట్టుకుని పదేళ్ల వెనక్కి వెళ్తే చరిత్ర మధ్యలో తెగిపోతుంది. 2019లో ఫాక్స్ ఆస్తులు కొన్నప్పుడు డిస్నీకీ ఇలాగే అయింది. ఏ లైబ్రరీ మీకు దీన్ని అతికించి ఇవ్వదు. ముందు సీఐకే, తర్వాత సీఐకే, మారిన తేదీ, ఈ మూడు కాలమ్‌లతో వారసత్వ పట్టిక మీరే పెట్టుకోవాలి.

నంబర్ల రూపం దగ్గర కూడా చాలామంది జారతారు. టిక్కర్ల ఫైలులో సీఐకే ముందు సున్నాలు ఉండవు. డేటా ఏపీఐ దారిలో 10 అంకెలు నిండేలా సున్నాలు చేర్చాలి. ఆర్కైవ్ ఫోల్డర్ దారిలో మళ్లీ సున్నాలు లేకుండా రాయాలి, అక్కడ యాక్సెషన్ నంబరు (ఒక్కో ఫైలింగుకు ఉండే సంఖ్య) లోని అడ్డగీతలు కూడా తీసేయాలి. యాక్సెషన్ నంబరులో మొదటి 10 అంకెలు కంపెనీ సీఐకే అనుకుని దాంతో జాయిన్ చేసే కోడ్ చాలా చోట్ల కనిపిస్తుంది. అవి ఫైలింగును పంపినవారి సీఐకే. పంపింది ఫైలింగ్ ఏజెంట్ అయితే ఆ ఏజెంట్ నంబరే అక్కడ ఉంటుంది. యాపిల్ తన 10-కె తానే పంపుకుంటుంది కాబట్టి యాపిల్‌తో పరీక్షిస్తే ఈ తప్పు బయటపడదు.

ఫారం రకం మాట. భారతీయ కంపెనీల కోసం 10-కె వెతికితే దొరకదు. డాక్టర్ రెడ్డీస్, ఇన్ఫోసిస్, విప్రో లాంటివి విదేశీ కంపెనీల కోవలో వార్షిక నివేదిక 20-ఎఫ్ మీద, మధ్యలో వచ్చే ప్రకటనలు 6-కె మీద వేస్తాయి. కెనడా కంపెనీలు కొన్ని 40-ఎఫ్ వేస్తాయి. మీ స్క్రీన్ మీద ‘వార్షిక నివేదిక’ అని ఒకే బటన్ పెట్టి, దాని వెనక 10-కె, 20-ఎఫ్, 40-ఎఫ్, ఆర్థిక సంవత్సరం మార్చుకున్నవారు వేసే 10-కెటీ, పాతకాలపు 10-కె405, 10-కెఎస్‌బీ అన్నీ కట్టండి. పెద్ద వాటాదారులు వేసే 13డీ, 13జీ ఫారాల పేరు కూడా 2024 డిసెంబరులో మారింది. అంతకు ముందు ‘ఎస్‌సీ’ అన్న పొట్టి ముందుమాటతో ఉండేవి, ఇప్పుడు ‘షెడ్యూల్’ అని పూర్తిగా ఉంటుంది. పాత పేరుతో ఫిల్టర్ రాసినవాళ్లకు ఆ నెల నుంచి ఫలితాలు చప్పుడు లేకుండా ఆగిపోయాయి. ఎర్రర్ రాదు, అందుకే ఎవరూ గమనించరు.

సవరణ ఫైలింగుల విషయంలో జాగ్రత్త. తర్వాత వచ్చింది కదా అని 10-కె/ఎ తీసుకొచ్చి అసలు 10-కె స్థానంలో పెట్టకండి. చాలా సవరణల్లో డైరెక్టర్ల జీతాలు, వాటాల వివరాలుండే మూడో భాగం తప్ప ఇంకేమీ ఉండదు. సవరణను అసలుకు పక్కన అతికించి చూపించాలి, దాని మీద కప్పకూడదు. ఇదే కోవలో ఇంకోటి: కొన్ని కంపెనీలు ఆర్థిక పట్టికలను 10-కె ప్రధాన డాక్యుమెంటులో కాకుండా ఎగ్జిబిట్ 13 అనే అనుబంధంలో పెడతాయి. ఐబీఎం చాలా ఏళ్లు అలాగే చేసింది. ప్రధాన డాక్యుమెంటు ఒక్కటే ఇండెక్స్ చేస్తే ఐటమ్ 8 (ఆర్థిక పట్టికలుండాల్సిన భాగం) కింద ‘ఎగ్జిబిట్ చూడండి’ అన్న ఒక్క వాక్యం మిగులుతుంది.

ఫైలింగుల జాబితా జేసన్‌లో ‘ఇటీవలివి’ అన్న భాగంలో కనీసం ఏడాదివి లేదా 1,000 ఫైలింగులు, ఏది ఎక్కువైతే అది, ఉంటాయి. అంతకంటే పాతవి అదే జేసన్ చివర పేర్లిచ్చిన అదనపు ఫైళ్లలో ఉంటాయి. పెద్ద బ్యాంకులు రోజుకు పదుల కొద్దీ నోట్ల (రుణపత్రాల) ప్రాస్పెక్టసులు వేస్తాయి కాబట్టి వాటి విషయంలో ‘ఇటీవలివి’ అంటే ఏడాదిని మించి వెనక్కి వెళ్లకపోవచ్చు. అదనపు ఫైళ్లు కూడా చదవకపోతే పాత 10-కెలు లేనట్టే కనిపిస్తాయి.

ఇప్పుడు యాపిల్ అంకెలు. ఈ తప్పు దాదాపు ప్రతి టూల్‌లో ఉంటుంది కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. ఎక్స్‌బీఆర్‌ఎల్ అంకెలిచ్చే కంపెనీ ఫ్యాక్ట్స్ జేసన్‌లో ప్రతి అంకె పక్కన ‘ఎఫ్‌వై’ అనే గడి ఉంటుంది. అది ఆ అంకె ఏ సంవత్సరానిదో చెప్పదు, అది ఏ సంవత్సరపు ఫైలింగులో కనిపించిందో చెబుతుంది. యాపిల్ 2023 నివేదికలో పోలిక కోసం మూడేళ్ల ఆదాయం పక్కపక్కన అచ్చేస్తారు: 2021కి 36,581.7 కోట్ల డాలర్లు, 2022కి 39,432.8 కోట్లు, 2023కి 38,328.5 కోట్లు. మూడింటికీ ‘ఎఫ్‌వై’ గడిలో 2023 అనే ఉంటుంది. మీకు మూడు అంకెలు రావడానికి కారణం ఇదే. ఆ గడిని వదిలేసి ‘స్టార్ట్’, ‘ఎండ్’ తేదీలను నమ్మండి. అదే కాలం అంకె తర్వాతి రెండు నివేదికల్లోనూ మళ్లీ వస్తుంది. కాబట్టి ట్యాగు, యూనిట్, స్టార్ట్, ఎండ్, ఈ నాలుగింటిని కీగా పెట్టి గుంపు చేయండి. తాజా చూపుకు ‘ఫైల్డ్’ తేదీ చివరిది తీసుకోండి. ఆ రోజు మార్కెట్‌కు ఏం తెలుసో కావాలంటే అడిగిన తేదీకి ముందు దాఖలైన వాటిలో చివరిది తీసుకోండి. పాత వరసలను చెరిపేసి కొత్తవి రాస్తే, కంపెనీ లెక్కలు తిరగరాసిన విషయం మీ టూల్‌లో ఎప్పటికీ కనబడదు. అది మీ వాడుకరి చూడాల్సిన మొదటి విషయం.

త్రైమాసికాల దగ్గర ఇంకో గోతి ఉంది. మూడో త్రైమాసికపు 10-క్యూలో మూడు నెలల అంకె, తొమ్మిది నెలల అంకె రెండూ ఉంటాయి. రెండింటికీ కాలం గడిలో ‘క్యూ3’ అనే ఉంటుంది. ఎండ్ నుంచి స్టార్ట్ తీసేసి రోజులు లెక్కపెట్టడమే మార్గం. 80 నుంచి 100 రోజులుంటే త్రైమాసికం, 350 నుంచి 380 ఉంటే సంవత్సరం. సరిగ్గా 365 అని రాయకండి. యాపిల్ సంవత్సరం సెప్టెంబరు చివరి శనివారంతో ముగుస్తుంది. 2023 ఆర్థిక సంవత్సరం 53 వారాలది, మొదటి త్రైమాసికం 14 వారాలు నడిచింది. నాలుగో త్రైమాసికానికి విడిగా 10-క్యూ ఉండదు, దాన్ని మీరే తీయాలి: సంవత్సరం 38,328.5 కోట్లలో తొమ్మిది నెలల 29,378.7 కోట్లు పోతే 8,949.8 కోట్లు. తీసిన అంకె పక్కన ‘లెక్కగట్టినది’ అని గుర్తు పెట్టండి. ప్రతి షేరుకు వచ్చే లాభాన్ని మాత్రం ఇలా తీసివేతతో తీయకూడదు. షేర్ల సంఖ్య ప్రతి త్రైమాసికం మారుతుంది కాబట్టి తేడా వస్తుంది. క్యాష్ ఫ్లో పట్టికలో ఇంకో తిరకాసు: 10-క్యూల్లో అది సంవత్సరం మొదటి నుంచి కలుపుకుంటూ వస్తుంది కాబట్టి రెండు, మూడు త్రైమాసికాలకు కూడా తీసివేత తప్పదు.

ట్యాగుల సంగతి. ఆదాయానికి ఒక ట్యాగు అనుకుంటే 2018 ప్రాంతంలో చార్టు తెగుతుంది. కస్టమర్ కాంట్రాక్టుల ఆదాయం మీద కొత్త అకౌంటింగ్ ప్రమాణం, అంటే 606, అమల్లోకి రాగానే చాలా కంపెనీలు ‘సేల్స్ రెవెన్యూ నెట్’ వదిలేసి, ‘రెవెన్యూ ఫ్రమ్ కాంట్రాక్ట్ విత్ కస్టమర్’ అని మొదలయ్యే పొడుగాటి ట్యాగుకు మారాయి. కొన్ని ఉత్త ‘రెవెన్యూస్’ వాడతాయి. ప్రాధాన్య క్రమంలో ట్యాగుల జాబితా పెట్టుకుని, ఒక్కో కాలానికి మొదట దొరికినది తీసుకోండి. కంపెనీ మొత్తానికి ఒకే ట్యాగు ఎంచుకోవద్దు. ఇంత చేసినా డాక్టర్ రెడ్డీస్ రాదు. ఎందుకంటే దాని అంకెలు అమెరికా ట్యాక్సానమీ (ట్యాగుల పట్టిక) కింద ఉండవు, ఐఎఫ్ఆర్ఎస్ (అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాలు) కింద ఉంటాయి. అక్కడ ట్యాగు ఏకవచనంలో ‘రెవెన్యూ’. యూనిట్ కూడా రూపాయలు. ఇన్ఫోసిస్ 20-ఎఫ్ డాలర్లలో ఉంటుంది. విప్రో, డాక్టర్ రెడ్డీస్ రూపాయల్లో రాసి, చదివేవారి సౌకర్యం కోసం ఒక డాలర్ కాలమ్ జోడిస్తాయి. ఆ కాలమ్ ఆ సంవత్సరాంతపు ఒకే మారకపు రేటుతో వేసింది కాబట్టి దాంతో ఏళ్ల తరబడి వృద్ధి లెక్కలు వేయకూడదు. విదేశీ కంపెనీల 6-కెలకు మామూలుగా ఎక్స్‌బీఆర్‌ఎల్ ఉండదు, అందువల్ల వాటి త్రైమాసికాల గడులు ఖాళీగా ఉంటాయి. అక్కడ సున్నా చూపించకుండా ‘6-కె ప్రకటన చూడండి’ అని లింకు ఇవ్వండి.

విభాగాల వారీ, దేశాల వారీ అంకెలు కంపెనీ ఫ్యాక్ట్స్‌లో వెతకొద్దు. అందులో మొత్తం కంపెనీకి వర్తించేవి, ప్రామాణిక ట్యాగులతో ఉన్నవి మాత్రమే ఉంటాయి. విభాగాలు కావాలంటే ఎస్ఈసీ ఇచ్చే ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్ అండ్ నోట్స్ డేటాసెట్లు దించుకోవాలి.

ఫండ్ల హోల్డింగులు చూపించే 13-ఎఫ్ కూడా కలపాలనుకుంటే రెండే మాటలు. 2023 జనవరి 3కి ముందు విలువలు వేల డాలర్లలో రాసేవారు, ఆ రోజు నుంచి డాలర్లలో. మార్పు గమనించని చార్టుల్లో ఫండ్లన్నీ ఒక్క త్రైమాసికంలో వెయ్యి రెట్లు పెరుగుతాయి. క్యూసిప్ నంబరును (షేర్లు, బాండ్ల గుర్తింపు సంఖ్య) టెక్స్ట్‌గానే ఉంచండి. యాపిల్‌ది సున్నాతో మొదలవుతుంది, ఎక్సెల్‌లో ఒక్కసారి తెరిచి సేవ్ చేస్తే ఆ సున్నా మాయం.

ఇక ‘గోయింగ్ కన్సర్న్’. ఐఎఫ్ఆర్ఎస్ లెక్కలు రాసే కంపెనీల పాలసీ నోటులో ‘గోయింగ్ కన్సర్న్ ప్రాతిపదికన తయారుచేశాం’ అనే వాక్యం మామూలుగానే ఉంటుంది. మిగతావారి రిస్క్ ఫ్యాక్టర్లలో కూడా ఏదో ఒక మూల వస్తుంది. ఆపద మాట నిజానికి ‘సబ్‌స్టాన్షియల్ డౌట్’ (గట్టి సందేహం). ఆ రెండు పదాలూ, ‘గోయింగ్ కన్సర్న్’ ఒకే వాక్యంలో పడాలని అడగండి. ఆడిటర్ నివేదికలోనో లెక్కల నోట్లలోనో దొరికితే ఎక్కువ బరువు, రిస్క్ ఫ్యాక్టర్లలో దొరికితే తక్కువ. దగ్గర్లో ‘అలీవియేటెడ్’ అనే మాట ఉంటే సందేహం ఉండేది, తీరింది అని యాజమాన్యం చెప్తోందన్నమాట, దాన్ని వేరే గుంపులో పెట్టండి. ‘మెటీరియల్ వీక్‌నెస్’ (అంతర్గత నియంత్రణల్లో పెద్ద లోపం) అన్న మాటకీ ఇదే వైద్యం: 10-కెలో అయితే ఐటమ్ 9ఎ లోపల మాత్రమే వెతకాలి.

అంటే డాక్యుమెంటును ఐటమ్‌లుగా కోయాలి. ‘ఐటమ్ 7’ అన్న మాట మొదట కనిపించేది విషయసూచికలో. అక్కడ కోస్తే రెండు లైన్ల ముక్క వస్తుంది. ఒక్కో ఐటమ్‌కు దొరికిన శీర్షికలన్నీ తీసుకుని, తర్వాతి ఐటమ్ దాకా ఉన్న పొడవు ఏది ఎక్కువో అది ఎంచుకోండి. కోసే ముందు శుభ్రం చేయాలి: విడవని ఖాళీని మామూలు ఖాళీగా, వంకర అపాస్ట్రఫీని నిటారు గుర్తుగా మార్చాలి. అలంకారం కోసం మొదటి అక్షరాన్ని వేరే స్పాన్‌లో పెడతారు, స్పాన్ల మధ్య ఖాళీ చొప్పిస్తే ‘రిస్క్’ రెండు ముక్కలవుతుంది. ఇన్‌లైన్ ఎక్స్‌బీఆర్‌ఎల్ ఫైళ్ల మొదట్లో కంటికి కనిపించని హెడర్ ఒకటి ఉంటుంది. దాన్ని తీసేయకపోతే ట్యాగుల చెత్తంతా మీ ఇండెక్స్‌లో చేరి, ఫలితాల కింద వచ్చే తునకల్లో తేలుతుంది.

8-కెల (ముఖ్య సంఘటనల ప్రకటనల) కోసం టెక్స్ట్ వెతకడం దండగ. ఫైలింగుల జేసన్‌లోనే ఐటమ్ నంబర్లుంటాయి. 4.01 అంటే ఆడిటర్ మార్పు, 4.02 అంటే పాత లెక్కలను నమ్మొద్దన్న ప్రకటన, 5.02 అంటే డైరెక్టర్లు, ఉన్నతాధికారుల రాకపోకలు. నంబరు మీద ఫిల్టర్ ఒక్క లైను కోడ్. ఈ దశాంశ నంబర్లు 2004 ఆగస్టు నుంచే, అంతకు ముందువి దశాంశం లేని అంకెలు. వాటికి వేరే పట్టిక కావాలి.

తేదీలు మూడు దాచండి: లెక్క ముగిసిన తేదీ, దాఖలు తేదీ, ఎడ్గార్ అందుకున్న క్షణం. తూర్పు సమయం సాయంత్రం 5:30 దాటాక వచ్చిన 10-కె, 8-కెలకు మరుసటి పనిదినం తేదీ పడుతుంది. ఇన్‌సైడర్ల ఫారం 4కు మాత్రం రాత్రి 10 దాకా అదే రోజు తేదీ ఇస్తారు. మన గడియారంలో ఆ 5:30 అంటే వాళ్ల వేసవిలో తెల్లవారుజామున 3, శీతాకాలంలో 4. హైదరాబాద్‌లో కూర్చుని అలర్టులు నడిపేవారు రాత్రి 12కి రోజు మూసేస్తే చాలా ఫైలింగులు తప్పు రోజు కింద పడతాయి. అన్నీ యూటీసీలో దాచి, చూపించేటప్పుడు మార్చండి.

వెక్టర్ సెర్చ్ వద్దని కాదు. పైవన్నీ కుదిరాక, ఐటమ్‌లుగా కోసిన ముక్కల మీద, మామూలు బీఎం25 (మాటల పోలికతో వెతికే పద్ధతి) ఫలితాలతో కలిపి పెట్టండి. ‘సరుకు రవాణా ఖర్చు పెరిగిందని ఎవరు చెప్పారు’ లాంటి ప్రశ్నలకు అది పనికొస్తుంది. కంపెనీ, ఫారం, కాలం మాత్రం ఎప్పుడూ కచ్చితమైన ఫిల్టర్‌గానే ఉండాలి, పోలికకు వదలకూడదు. రిస్క్ ఫ్యాక్టర్లు ఏటా దాదాపు మక్కీకి మక్కీ అచ్చవుతాయి కాబట్టి ఒకే కంపెనీ పదేళ్ల ముక్కలు మొదటి పేజీ అంతా ఆక్రమిస్తాయి. కంపెనీకి ఒక ఫలితం చొప్పున మడిచి, ఆ పేరా మొదట ఏ ఏడాది వచ్చిందో పక్కన చూపించండి.

ఇవి మార్చడం మొదలుపెట్టే ముందే 40 ప్రశ్నలు, వాటికి రావాల్సిన యాక్సెషన్ నంబర్లు ఒక ఫైలులో రాసుకోండి. ప్రతి మార్పు తర్వాత మొదటి పది ఫలితాల్లో ఎన్ని దొరికాయో లెక్కపెట్టండి. అందులో తప్పక ఉండాల్సినవి: వంకర అపాస్ట్రఫీతో డాక్టర్ రెడ్డీస్, గూగుల్ 2012 వార్షిక నివేదిక, సత్యం 20-ఎఫ్‌లు, యాపిల్ 2023 నాలుగో త్రైమాసికం. 2001కి ముందున్న 10-కె405 కూడా ఒకటి పెట్టండి. ఎస్ఈసీ సొంత ఫుల్ టెక్స్ట్ సెర్చ్ 2001 నుంచే ఉంది కాబట్టి ఆ ఒక్కదానికి సరిచూసుకోవడానికి త్రైమాసిక ఇండెక్సే దిక్కు.